నేల తుడిచే మందు – మన చేతులతో, మన తెలివితో



వార్షికోత్సవం దగ్గరపడిందంటే ఏ హాస్టల్‌లోనైనా అతిథుల కంటే ముందు ఫినాయిల్ వాసన వస్తుంది. పెద్ద అధికారి వస్తున్నారంటే ఆ వాసన ఇంకొంచెం ఘాటెక్కుతుంది. గేటు దాటగానే "శుభ్రంగా ఉంచారే" అని వాళ్ళు మెచ్చుకుంటారు. జీపు వెళ్ళిపోతుంది. సీసా ఖాళీ అవుతుంది. మళ్ళీ సీసా వచ్చేదాకా బండల మీద ఉత్త నీళ్ళే. ఇది ఏ ఒక్క హాస్టల్ సంగతో కాదు. ప్రభుత్వ హాస్టళ్ళలో చదువుకున్న వాళ్ళను ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. నేల తుడిచే మందును హాస్టల్‌లోనే చేసుకోవచ్చు. మన నవీపేట్ కిరాణా కొట్లలో, శనివారం సంతలో దొరికే వస్తువులు చాలు. అయితే మూడు సంగతులు తెలుసుకుని చేసుకోవాలి. మన కాళ్ళ కింద ఉన్నది ఏ నేల? బకెట్‌లో మనం కలిపేది ఏమిటి? తుడిచే గుడ్డ ఎవరి చేతిలో ఉంది? మొదటి రెండూ సైన్సు ప్రశ్నలు. మూడోది న్యాయానికి సంబంధించినది. మొదటి రెండు చెప్పి మూడోది వదిలేస్తే ఈ వ్యాసం రాయడం దండగ.

మన పెద్దల విద్య

మన తాతమ్మల కాలంలో ఇళ్ళు మట్టి ఇళ్ళు. పొద్దున్నే వాకిట్లో పెండ నీళ్ళతో సాన్పు చల్లేవారు. ఇల్లు అలికి, గోడ అంచులకు జాజు, సున్నం పెట్టేవారు. గిన్నెలు బూడిదతో తోమేవారు. బట్టలు చౌడు మట్టితో ఉతికేవారు. తలకు కుంకుడుకాయ రుద్దుకునేవారు. వీటిలో ఏదీ సీసాలో వచ్చింది కాదు. అయినా ప్రతిదాని వెనకా ఒక లెక్క ఉంది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది. చౌడులో సోడియం కార్బనేట్ ఉంటుంది. రెండూ క్షారాలు. జిడ్డును విడదీసేది క్షారమే. కుంకుడుకాయలో సాపోనిన్ అనే పదార్థం ఉంది. నురుగు దానివల్లే వస్తుంది. నీటికీ జిడ్డుకూ మధ్య నిలబడి మురికిని లాగేది కూడా అదే.

పదో తరగతి పుస్తకంలో 'ఆమ్లాలు, క్షారాలు, లవణాలు' పాఠం ఉంది. వంటసోడా, బట్టలసోడా, బ్లీచింగ్ పౌడర్ మూడూ అందులో ఉన్నాయి. పరీక్షలో ఫార్ములా రాసి మార్కులు తెచ్చుకుంటాం. అదే వస్తువు మన బాత్‌రూమ్ మూలలో డబ్బాలో ఉంటే గుర్తుపట్టం. మన తాతమ్మ పుస్తకం చదవలేదు కానీ వాడకం తెలుసు. మనకు పుస్తకం తెలుసు, వాడకం తెలియదు. రెండూ కలిపినవాడే అసలైన చదువుకున్నవాడు.

అలాగని పాతదంతా గొప్పదని అనడం లేదు. మట్టి నేలకు అలుకు సరిపోయింది. బండల మీద, టైల్స్ మీద పెండ పూస్తే శుభ్రం కాదు. నేల మారినప్పుడు మందు మారాలి.

శుభ్రం అంటే ఏమిటి?

మన పక్కనే బోధన్ ఉంది. 1930లలో నిజాం కాలంలో పెట్టిన షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ చక్కెర మీద బతికిన కుటుంబాల పిల్లలు మనలోనూ ఉన్నారు. చక్కెర ఫ్యాక్టరీలో పని తెలిసినవాళ్ళను అడగండి, శుభ్రం అంటే ఏమిటో చెబుతారు. గానుగ నుంచి వచ్చిన చెరకు రసం మురికిగా ఉంటుంది. దాన్ని వేడిచేసి సున్నపు నీళ్ళు కలుపుతారు. మడ్డి అంతా కిందికి దిగుతుంది. ఆ మడ్డిని వేరుచేసి పారేస్తారు. తేట రసాన్ని మాత్రమే ముందుకు పంపుతారు. రసంలో మడ్డిని అలాగే ఉంచి పైన అత్తరు చల్లితే చక్కెర అవుతుందా?

నేల కూడా అంతే. మురికిని విడదీయాలి, ఎత్తాలి, బయట పారబోయాలి. వాసన ఆ తర్వాతి సంగతి. ఫినాయిల్ చెడ్డదని కాదు. ఆ పేరుకు మూలమైన ఫినాల్‌ను 1860లలో జోసెఫ్ లిస్టర్ అనే డాక్టర్ ఆపరేషన్ గాయాలు కుళ్ళకుండా వాడి ఎందరి ప్రాణాలో కాపాడాడు. కానీ ఊడ్వని నేల మీద, జిడ్డు మీద, నల్లరేగడి బురద మీద ఫినాయిల్ పోస్తే దాని బలం ఆ మురికికే ఖర్చయిపోతుంది. వాసన మిగులుతుంది, మురికీ మిగులుతుంది.

నిమ్మకాయ, వెనిగర్, వంటసోడా – ఒక అపోహ

ఇంట్లో నేల మందు ఎలా చేయాలని ఎవరిని అడిగినా ఇప్పుడు వచ్చే జవాబు ఒకటే. వెనిగర్, వంటసోడా, నిమ్మరసం కలిపి నీళ్ళలో పోయమంటారు. కలపగానే బుసబుస పొంగుతుంది. పొంగింది కాబట్టి పనిచేస్తోందని అనుకుంటాం. నిజానికి అది పని అయిపోతున్న గుర్తు. వెనిగర్, అంటే మనం సిర్కా అనేది, ఆమ్లం. వంటసోడా క్షార గుణం ఉన్న లవణం. రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. చివరికి బకెట్‌లో మిగిలేది నీళ్ళు, కాస్త సోడియం ఎసిటేట్. ఇద్దరు పహిల్వాన్లను పనికి పిలిచి, వాళ్ళలో వాళ్ళకే కుస్తీ పెట్టినట్టు ఉంటుంది. పైగా ఈ రెండింటినీ సీసాలో పోసి మూత బిగిస్తే గ్యాసు ఒత్తిడికి సీసా పగలవచ్చు.

ఇంకో పెద్ద సంగతి ఉంది. మన జిల్లా ఇళ్ళలో, పాత ప్రభుత్వ భవనాల్లో ఎక్కువగా పరిచినవి షాబాద్ బండలు, తాండూరు బండలు. ఇవి సున్నపురాయి జాతి. సున్నపురాయికి ఆమ్లం పడదు. నమ్మకపోతే ఒక పగిలిన బండ ముక్క తెచ్చి, మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి. సన్నగా బుడగలు వస్తాయి. రాయి కరుగుతోందని అర్థం. వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో రోజూ తుడిస్తే బండ నునుపు పోయి గరుకవుతుంది. గరుకు నేల మురికిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మొజాయిక్ నేలలో పాలరాయి ముక్కలు, సిమెంటు ఉంటాయి కాబట్టి దానికీ ఇదే గతి. టైల్స్ తట్టుకుంటాయి కానీ వాటి మధ్య సందుల్లోని సిమెంటు తినుకుపోతుంది. బాత్‌రూమ్‌లో వాడే యాసిడ్ అయితే చెప్పనవసరం లేదు. ఎక్కడో పాలరాతి గురించో టైల్స్ గురించో రాసిన చిట్కాను మన బండల మీద ప్రయోగించే ముందు మన బండను మనం తెలుసుకోవాలి.

ఇంకా కొందరు పసుపు కలపమంటారు. పసుపు నిజామాబాద్ గౌరవం. 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడికే వచ్చింది. కానీ బకెట్‌లో పసుపు వేస్తే నేలకు పచ్చ మరక తప్ప లాభం లేదు. దాన్ని కూరలో వేసుకుందాం. పండ్ల తొక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టే ద్రావణం గురించి కూడా చాలామంది చెబుతున్నారు. ఒక పాలు బెల్లానికి మూడు పాళ్ళ తొక్కలు, పది పాళ్ళ నీళ్ళు దాని లెక్క. అది కూడా పులుపే, ఆమ్లమే. బాగా పలచన చేసి టైల్స్ మీద వాడుకోవచ్చు, బండల మీద వద్దు. బెల్లం మంచిది దొరికితే పిల్లలకు పల్లీపట్టీ చేసి పెట్టడం మేలని నా ఉద్దేశం.

మన మందు ఇలా చేద్దాం

పావుకిలో కుంకుడుకాయలు తీసుకుని గింజలు తీసేయాలి. మూడు లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి పదిహేను, ఇరవై నిమిషాలు మరిగించి, చల్లారాక బాగా పిసికి, పాత బట్టతో వడకట్టాలి. మందు తయారయింది. బకెట్ నీళ్ళకు అర లీటరు కలిపితే చాలు. కళ్ళలో పడితే మండుతుందని తలంటుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు కాబట్టి జాగ్రత్త చెప్పనక్కర్లేదు. ఇందులో నిల్వ ఉండే రసాయనం ఏదీ లేదు. రెండు మూడు రోజుల్లో పులిసి వాసన వస్తుంది. అందుకని కొంచెం కొంచెంగా చేసుకోవాలి.

మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కఠినజలంలో సబ్బు సరిగా నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడుకాయకు ఆ ఇబ్బంది లేదు. అందుకే మన నీళ్ళకు ఇది సరిపోయే వస్తువు.

భోజనాల హాలుకు, వంటగదికి కుంకుడు ఒక్కటే చాలదు. చికెన్ వండిన రోజు నేల మీద పడిన నూనె దానికి లొంగదు. అక్కడ బట్టలసోడా కావాలి. ఒక బకెట్ వేడినీళ్ళలో రెండు పెద్ద చెంచాల బట్టలసోడా కరిగించి, చల్లి, ఐదు నిమిషాలు ఆగి, బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడగాలి. సోడా చేతులను పొడిబారుస్తుంది కనుక గ్లవ్స్ వేసుకోవాలి. అల్యూమినియం గిన్నెలో ఈ నీళ్ళు కలపకూడదు, గిన్నె పాడవుతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడాలి.

ఏ మందు వాడినా పద్ధతి ముఖ్యం. ముందు పొడిగా ఊడ్వాలి. వానాకాలంలో పొలం గట్ల మీద నడిచి వచ్చిన చెప్పుల నల్లమట్టిని తడిపితే బంకలా అంటుకుంటుంది. ఎండనిచ్చి ఊడిస్తే పెళ్ళలుగా వస్తుంది. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకటి మందు నీళ్ళకు, ఒకటి గుడ్డ పిండడానికి. ఒకే బకెట్‌లో ముంచుతూ పోతే మొదటి గది మురికిని చివరి గదికి చేరవేసినట్టే. చివరికి గుడ్డను ఉతికి ఎండలో ఆరేయాలి. తడిగుడ్డను మూలకు పడేస్తే రేపు తుడిచేది దుర్వాసనతోనే.

బ్లీచింగ్ పౌడర్ – మిత్రుడే, కానీ

విరేచనాలు, వాంతులు వచ్చిన గదికి, మరుగుదొడ్లకు క్రిములను చంపే మందు కూడా కావాలి. దానికి బ్లీచింగ్ పౌడర్ చాలు. తాజా పౌడర్ అయితే పది లీటర్ల నీటికి సుమారు 35 గ్రాములు కలిపి, ముందే కడిగిన నేల మీద పోసి, పది నిమిషాలు ఆగి కడగాలి. కలిపింది ఆ రోజే వాడేయాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మాత్రమే మిగులుతుంది.

ఒక్క మాట మాత్రం గోడ మీద రాసుకోవాలి. బ్లీచింగ్‌తో యాసిడ్ గానీ, వెనిగర్, నిమ్మరసం గానీ, ఇంకే మందు గానీ కలపకూడదు. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. మూసిన బాత్‌రూమ్‌లో రెండు మందులు కలిపి తోమేవాడికి అదే ఎదురవుతుంది. ఎక్కువ మందులు కలిపితే ఎక్కువ శుభ్రం అనే నమ్మకం ప్రాణం తీసే నమ్మకం.

ఏ మందునూ కూల్‌డ్రింక్ సీసాలో, నీళ్ళ సీసాలో పోయకండి. హాస్టల్‌లో చిన్న తరగతుల తమ్ముళ్ళు ఉంటారు. దాహం వేస్తే ఏ సీసా అని చూడరు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'నేల మందు – తాగరాదు' అని, చేసిన తేదీ వేసి, తాళం ఉన్న అలమారలో పెట్టాలి.

గుడ్డ ఎవరి చేతిలో?

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాను. మందు చేయడం నేర్చుకున్నాం. తుడిచేది ఎవరు?

హాస్టల్‌కు వంటమనిషి, కామాటి, వాచ్‌మన్ అనే పోస్టులు ఉన్నాయి. ఎక్కడ కామాటి పోస్టు ఖాళీగా ఉంటుందో అక్కడ చీపురు పిల్లల చేతికి వస్తుంది. పిల్లల్లో కూడా అందరి చేతికీ రాదు. చిన్నవాడి చేతికి, నోరులేనివాడి చేతికి, ఆలస్యంగా వచ్చి శిక్షపడ్డవాడి చేతికి వస్తుంది. ఒక్కోసారి కులం చూసి వస్తుంది. ఇది నేను ఒప్పుకోలేను. మీరూ ఒప్పుకోవద్దు.

మన గది మనం ఊడ్చుకోవడం తప్పు కాదు, అది గౌరవం. మన పొరుగున ఉన్న మహారాష్ట్రలో గాడ్గే బాబా (1876–1956) చీపురు పట్టుకుని ఊరూరా తిరిగి ముందు వీధులు ఊడ్చి, తర్వాత మూఢనమ్మకాల మీద, చదువు మీద కీర్తనలు చెప్పేవాడు. పండరీపురంలోని తన వసతి గృహాన్ని అంబేద్కర్ గారి పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి ఇచ్చేశాడు. చీపురుకూ చదువుకూ ఆయన దగ్గర విరోధం లేదు. కానీ ఆయన చీపురును తనంతట తాను పట్టుకున్నాడు. ఎవరి చేతిలోనూ బలవంతంగా పెట్టలేదు. తేడా అక్కడే ఉంది.

ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు మన హాస్టళ్ళలో తెలియనివారు ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నప్పుడు ఆయన హాస్టల్ పిల్లల కోసం పడిన తపన ఎందరో చెప్పుకుంటారు. రిటైరయ్యాక అదే మనిషి, తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారితో కలిసి, పాకీ పని చేయించే దురాచారానికి వ్యతిరేకంగా సఫాయి కర్మచారి ఆందోళన్‌లో నిలబడ్డారు. 2010లో చనిపోయేదాకా ఆ పక్షాన్నే ఉన్నారు. హాస్టల్ పిల్లవాడి చదువు, పాకీ పని నుంచి విముక్తి ఆయనకు రెండు వేరు వేరు పనులు కావు. ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో అంతకంటే గట్టి చట్టం వచ్చాయి. బడి పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. మరుగుదొడ్డి కడగడాన్ని శిక్షగా వేయడం వేధింపు కాక మరేమిటి?

2020 మార్చి చివర్లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఊరికి తిరిగివచ్చిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి బ్లీచింగ్ మందు చల్లారు. నేలకు వాడవలసిన మందు మనుషుల మీద చల్లారు. బీదవాడిని మురికిగా చూసే కళ్ళు ఉన్నంతకాలం ఎంత మంచి మందు చేసినా ఆ మురికి పోదు.

అందుకని నా సూచనలు ఇవి. గదులు, వరండాలు మనమే వంతుల వారీగా తుడుచుకుందాం. వంతు గది నంబరు ప్రకారం ఉండాలి. తరగతి, కులం, మార్కులు చూడకూడదు. పదో తరగతి అన్నలకూ మినహాయింపు వద్దు. మరుగుదొడ్లు, మోరీలు మాత్రం జీతం తీసుకునే సిబ్బంది పని. వాళ్ళకు గ్లవ్స్, బూట్లు, పొడుగు బ్రష్‌లు ఇవ్వాలి, 'అన్నా', 'అమ్మా' అని మర్యాదగా పిలవాలి. ఖాళీ పోస్టు ఉంటే దాన్ని నింపమని అడగడం మన హక్కు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పేద పిల్లలే కుంకుళ్ళు పిసుక్కోవాలా, కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌లో ఇలా చేయిస్తారా అని. న్యాయమైన ప్రశ్నే. మనం చేసుకునే మందు ప్రభుత్వం బాధ్యత తప్పించుకోవడానికి సాకు కాకూడదు. 'మీరే చేసుకుంటున్నారుగా' అని శుభ్రతకు ఇచ్చే డబ్బు కోస్తే మనం ఒప్పుకోకూడదు. మిగిలిన డబ్బుతో సబ్బులు, గ్లవ్స్, మంచి బ్రష్‌లు కొనమని అడగాలి. కానీ చేయడం నేర్చుకోవడం మాత్రం వదులుకోవద్దు. సీసా మీద ఏమి రాసి ఉందో చదవగలిగినవాడిని ఎవరూ మోసం చేయలేరు. రేపు మన ఇంట్లో అమ్మ యాసిడ్‌లో బ్లీచింగ్ కలుపుతుంటే చెయ్యి పట్టి ఆపగలిగేది ఈ చదువే.

వచ్చే సంవత్సరం నుంచి నెలకొక ఆదివారం సైన్సు సారు ఎదుట ఈ పని చేద్దాం. ఎన్ని కాయలు, ఎన్ని నీళ్ళు, ఎన్ని రోజులు నిలిచింది, ఏ నేలకు ఎలా పనిచేసింది అని ఒక నోటుబుక్కులో రాద్దాం. పదో తరగతి దాటి వెళ్ళే అన్నలు ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతి తమ్ముళ్ళ చేతికి ఇచ్చి వెళ్ళాలి. దాని పక్కనే గదుల వంతుల పట్టిక ఉండాలి. ఆ పట్టికలో ఎవరి పేరూ రెండుసార్లు రాకుండా, ఎవరి పేరూ తప్పిపోకుండా చూసుకునే బాధ్యత మనందరిదీ.